రాళ్లకోట రేవు మీద విచారణ

పదిహేడో శతాబ్దంలో, రాళ్లకోట రేవులో, భైరవన్న అనే సైనికుడు పడవెక్కి యుద్ధానికి వెళ్లిపోతుంటే అతని భార్య కనకాంబ తల దించుకుని సద్దిమూట ముడి వేస్తోందన్న సంగతి ప్రభుత్వం దృష్టికి మొట్టమొదట వచ్చింది కిందటి ఆషాఢంలో. వచ్చిన వెంటనే దానికి ఒక నంబరు ఇచ్చారు. ఇరవై ఒక్క రోజుల్లో పరిష్కరించాలని గడువు కూడా పెట్టారు.

భైరవన్న లేడు, కనకాంబ లేదు, రాళ్లకోట కూడా లేదు. 'రాళ్లకోట ముట్టడి' అనే ఆరువందల పన్నెండు పేజీల నవల మాత్రం ఉంది. డెబ్భై ఏళ్ల కిందట అచ్చయింది. నీలాడపేట శాఖా గ్రంథాలయంలో ఉన్నది ఒకే ఒక్క ప్రతి. అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం వేసి ట్వైను దారంతో కుట్టారు. అందువల్ల ఆ యుద్ధగాథ మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంటుంది.

ఆ ఒక్క ప్రతినే ఊళ్లో నలుగురైదుగురు వంతులు వేసుకుని చదువుతారు. ఒకళ్లు ఒక అధ్యాయం చదవడం, రెండోవాళ్లకి అందించడం, శనివారం మధ్యాహ్నం మూడింటికి గ్రంథాలయంలో కూర్చుని ఎవరికి ఏమనిపించిందో చెప్పుకోవడం. ఆ కూటమికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు. అందుకే పదేళ్ల నుంచి సజావుగా నడుస్తోంది.

అందులో తవిటయ్య ఒకడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. యుద్ధం ఉన్న అధ్యాయాలే చదువుతాడు. ఎంతమంది కోటలోకి ఎక్కారు, ఎంతమంది దిగారు, తేడా ఎక్కడొచ్చింది అని చూసుకోకపోతే అతనికి అన్నం సయించదు. జోగారావు మాస్టారు ఇంకొకరు. ఆయన తేదీలు చూస్తారు. పున్నమి అని రాసిన రోజు నిజంగా పున్నమేనా అని వెనక్కి లెక్కకట్టి, కాకపోతే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడరు.

మూడో మనిషి పైడమ్మ. డెబ్భై మూడేళ్లది. పుస్తకం చేతికిస్తే పుచ్చుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది.

"ఇందులో ఎవరైనా వెళ్లిపోతారా?"

"యుద్ధం కథ కదా పైడక్కా. వెళ్లకుండా ఎలా?" అంటాడు తవిటయ్య.

"తిరిగొస్తారా?"

"చదువు మరి."

"నువ్వు చెప్పు. చెప్తే చదువుతాను."

పైడమ్మ బడి గుమ్మం తొక్కలేదు. పెళ్లయిన కొత్తలో పాత పత్రికలు చింపి కొట్లకి పొట్లాలు అంటించే పని చేసేది. అంటించే ముందు కాగితం కేసి చూసేది. బెల్లం కొట్టు బోర్డు మీద 'బె' ఉంది, పత్రికలో కూడా అదే 'బె' ఉంది. అలా ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. తీరా చదవడం వచ్చేసరికి ఆ కాగితాల్లో కథలన్నీ సగమే. 'మిగతా 42వ పేజీలో' అని ఉండేది. ఆ నలభై రెండో పేజీ అప్పటికే బెల్లం మోసుకుని ఎవరింటికో వెళ్లిపోయి ఉండేది. సగంలో విడిపోయిన వాళ్లందరూ ఏమయ్యారో అన్న బెంగ పైడమ్మకి అప్పుడే పట్టుకుంది.

ఇంకో బెంగ కూడా ఉంది. ఆమె భర్త గౌరునాయుడు మిలట్రీలో లారీ డ్రైవరు. డెబ్భై ఒకటిలో యుద్ధం వస్తే సెలవు రద్దు చేసి పిలిచారు. స్టేషన్లో రైలు ఆగింది. పైడమ్మ ఆవకాయ జాడీ అందించబోతే మూత జారి ప్లాట్‌ఫారం మీద దొర్లింది. వంగి వెతికింది. బెంచీ కింద మూత దొరికింది. తలెత్తేసరికి ఆఖరి పెట్టె వెళ్తోంది. ఆ తర్వాత కబురొచ్చింది, పింఛను కాగితం వచ్చింది. మనిషి రాలేదు. జాడీ, మూత ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరు ఎక్కడికి బయల్దేరినా, పక్క ఊరు సంతకైనా సరే, పైడమ్మ కళ్లు తిప్పదు. గ్రంథపాలకురాలు హైమవతి రోజూ సాయంత్రం అయిదున్నర బస్సెక్కితే, ఆ బస్సు రైసుమిల్లు మలుపు తిరిగేదాకా స్టాపులో నిలబడి చూస్తుంది.

అలాంటి మనిషి చేతికి 318వ పేజీ వచ్చింది. పైడమ్మ ఆ పేజీ చదివి, పుస్తకం మూసి, బల్లకి దారంతో కట్టిన పెన్సిలు తీసుకుని అభిప్రాయాల పుస్తకంలో ఇలా రాసింది:

'318వ పేజీ. అతను పడవెక్కుతుంటే ఆ పిల్ల తల దించుకుని ఉంది. ఇలా చూడవే అని రేవులో ఉన్న అంతమందిలో ఒక్కళ్లూ చెప్పలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఇది చాలా అన్యాయం. – పైడమ్మ.'

సరిగ్గా ఆ వారంలోనే జిల్లా కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. 'పాఠకుల అభిప్రాయములను పుస్తకములలో వ్రాయించి బీరువాలలో ఉంచుట వలన సదరు అభిప్రాయములు నిరుపయోగమగుచున్నవి. కావున ఇకమీదట ప్రతి అభిప్రాయమును ఆన్‌లైన్లో నమోదు చేసి, నిర్ణీత గడువులోగా పరిష్కరించవలెను.'

అభిప్రాయాన్ని పరిష్కరించడం ఎలాగో ఉత్తర్వులో లేదు. అభిప్రాయాల కోసం వేరే వ్యవస్థ తయారు కాలేదు కనుక, అర్జీల శాఖ వాడి పక్కన పెట్టిన దాన్ని అరువు తెచ్చారు. హైమవతి మొదట తవిటయ్య అభిప్రాయాన్ని ఎక్కించింది: 'చాలా బాగుంది.' కంప్యూటరు ఒప్పుకోలేదు. 'మీ ఇబ్బంది ఏమిటో స్పష్టంగా తెలపండి' అంది. 'ఇబ్బంది లేదు' అని కొట్టింది. 'ఇబ్బంది లేనివారు నమోదు చేయరాదు' అని తిప్పి పంపింది.

పైడమ్మ అభిప్రాయాన్ని మాత్రం కళ్లకద్దుకుని తీసుకుంది. అందులో స్థలం ఉంది, అన్యాయం ఉంది, పట్టించుకోని జనం ఉన్నారు. 'ఎవరి మీద?' అని గడి. హైమవతి కాసేపు ఆలోచించి 'రేవులో ఉన్నవారు' అని కొట్టింది. ఎక్కడ? 'రాళ్లకోట రేవు.' టింగుమని మోగి నంబరు వచ్చింది. జిల్లా మొత్తం మీద నమోదైన మొట్టమొదటి పాఠకాభిప్రాయం అదే. పైవాళ్లు హైమవతిని ఫోనులో అభినందించారు.

పది రోజులు తిరక్కుండా జవాబులు రావడం మొదలైంది. హైమవతి వాటిని శనివారం కూటమిలో పైకి చదివింది.

"జలవనరుల వారు రాశారు మామ్మా. 'సదరు రాళ్లకోట రేవు మా నిర్వహణలో ఉన్న రేవుల జాబితాలో లేదు. అర్జీదారు రేవు నిర్మాణం కోరుచున్నచో విడిగా దరఖాస్తు చేసుకొనవచ్చును.'"

"రేవు నాకెందుకే?"

"పడవల లైసెన్సుల వారు. 'సదరు పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నదీ లేనిదీ తెలుపవలెను.'"

"పడవలో పద్దెనిమిది మంది ఎక్కారు. పెద్ద పడవే. ఓవర్‌లోడు కాదు" అన్నాడు తవిటయ్య, తన హయాంలో జరిగినట్టే.

"స్త్రీ సంక్షేమం వారు. 'కనకాంబ అను మహిళ ఆధార్ నకలు జతపరచనందున...'"

"మనుషులు మంచివాళ్లేనమ్మా, ఓపిగ్గా జవాబు రాస్తున్నారు" అంది పైడమ్మ. "తలెత్తమని మాత్రం ఇంకా ఎవరూ అనట్లేదు."

పద్నాలుగో రోజున జీపు వచ్చింది. అందులోంచి దక్షిణామూర్తి గారు దిగారు. ఆయన జిల్లా అభిప్రాయ పరిష్కారాధికారి. ఆ పదవి పుట్టి నెలైంది. ఆయన మాత్రం ఆ జిల్లాలో ఎనిమిదేళ్ల నుంచి ఉన్నారు.

"అర్జీదారు ఎవరు?"

పైడమ్మ లేచి నిలబడింది. తెలియక రాసిన దానికి కేసు పెడతారేమోనని పొద్దుట ఆయన వస్తున్నారని విన్నప్పటి నుంచి ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు.

"కూర్చోండమ్మా. ఘటన మీరు స్వయంగా చూశారా?"

"చూడ్డమంటే... చదివాను బాబూ."

"కళ్లతోనే కదా?"

"కళ్లతోనే."

ఆయన 'ప్రత్యక్ష సాక్షి' అని రాసుకున్నారు. "సదరు కనకాంబతో మీకు బంధుత్వం?"

పైడమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఉందనే చెప్పాలి బాబూ."

'కలదు' అని రాసుకున్నారు. "ఘటన జరిగి ఎన్నాళ్లైంది?"

"మూడువందల యాభై ఏళ్లండీ," అన్నారు జోగారావు మాస్టారు. "రచయిత మాఘ శుద్ధ నవమి అన్నాడు. నా లెక్క ప్రకారం దశమి."

"జాప్యానికి కారణం?"

"పుస్తకం ఒక్కటే ఉందండీ, వంతులు" అంది హైమవతి మెల్లగా. ఆ కారణం ఆయనకి సబబుగానే తోచింది.

టీ వచ్చింది. టీ తాగుతూ దక్షిణామూర్తి గారు కాస్త మెత్తబడ్డారు. కాగితాలు పక్కన పెట్టి, అధికారులు టీ తాగేటప్పుడు మాట్లాడే మామూలు తెలుగులోకి దిగారు.

"మాదీ బతుకేనా అమ్మా. మాది చిత్తూరు వైపు. ఇంటావిడ అక్కడ, నేనిక్కడ. బదిలీ అడిగి ఎనిమిదేళ్లైంది. మా స్టోరులో రెండు నిచ్చెనలు పోయాయి. నా మీద విచారణ వేశారు. విచారణ నడుస్తున్నంతకాలం సంబంధిత సిబ్బందిని ఉన్నచోటు నుంచి కదపకూడదని నిబంధన. ఆ విచారణాధికారి రిటైరైపోయాడు, ఇంకొకరిని వెయ్యలేదు."

"అయ్యో. నిచ్చెనలు దొరకలేదా బాబూ?"

"ఆ మర్నాడే దొరికాయమ్మా, బీరువా వెనక. విచారణ ఫైలే ఇప్పటిదాకా దొరకలేదు."

గ్లాసు కింద పెట్టగానే మళ్లీ అధికారి అయిపోయారు. "మేడమ్, ఇరవై ఒకటో రోజు సాయంత్రానికి అర్జీదారు 'సంతృప్తి చెందితిని' అని సంతకం చేయని పక్షంలో కంప్యూటరు జాబితాలో మీ శాఖ వరస ఎర్రగా మారుతుంది. ఎర్రవరస పడిన శాఖ సిబ్బందిని తక్షణం బదిలీ చేయవలసిందిగా ఆదేశాలు. ప్రస్తుతం ఖాళీ ఉన్నది కొండ మీది శాఖ. బస్సు వారానికి రెండుసార్లు."

హైమవతి ఆరేళ్ల కిందట వచ్చింది. పైడమ్మకి శుక్లాల ఆపరేషనయితే, కట్టు విప్పేదాకా రోజూ పక్కన కూర్చుని నవల చదివి వినిపించింది. ఎవరైనా వెళ్లిపోయే పేజీ వచ్చే ముందు "మామ్మా, వస్తోంది" అని చెప్పేది. అంత మాత్రం చెప్పేవాళ్లు పైడమ్మకి ఇంకెవరూ లేరు.

"నేను ఇప్పుడే పెట్టేస్తాను బాబూ సంతకం."

"అలా వీల్లేదమ్మా. పరిష్కరించిన తర్వాతే సంతృప్తి. ముందుగా సంతృప్తి చెందడం నిబంధనలకు విరుద్ధం."

పందొమ్మిదో రోజున పరిష్కారం వచ్చింది. ఒక పెద్ద కవరు, అందులో టైపు చేసిన ఒక కాగితం, దాన్ని 318వ పేజీ మీద గట్టిగా అంటించాలని ఉత్తర్వు. పైడమ్మ చేతిలో జిగురు సీసా పెట్టింది హైమవతి. పొట్లాలు అంటించిన చెయ్యి కాబట్టి ముడత పడకుండా అంటించింది. తర్వాత అందరూ తలలు ఆనించి చదివారు.

'సవరించిన పేజీ. సదరు సైనికుడు శ్రీ భైరవన్న రేవు వద్దకు హాజరైన పిదప, పరిపాలనా కారణముల దృష్ట్యా ఆయన ప్రయాణము రద్దు చేయడమైనది. ఆయన తన భార్య శ్రీమతి కనకాంబతో కలిసి సద్ది భుజించి, ఇంటి వద్దనే విధులు నిర్వర్తించిరి. సూర్యోదయము మామూలుగా జరిగినది.'

పైడమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "వెళ్లలేదా?"

"వెళ్లలేదట మామ్మా."

"ఇంటికొచ్చేశాడా?"

"వచ్చేశాడు."

ఒక్క క్షణం పాటు ఆమె మొహంలో యాభై మూడేళ్లు వెనక్కి వెళ్లిపోయాయి. రైలు ఆగే ఉంది, మూత జాడీ మీదే ఉంది. ఏడుస్తూ నవ్వుతూ 'సంతృప్తి చెందితిని' అన్న చోట సంతకం పెట్టింది. నీలాడపేట వరస ఆకుపచ్చగా మారింది. నూటికి నూరు శాతం పరిష్కారం సాధించిన ఏకైక శాఖ అని హైమవతికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని నవల లోపల గుర్తు కాగితంగా పెట్టుకున్నారు.

ఆ ఆకుపచ్చదనం శనివారం దాకా నిలిచింది.

"కొంప మునిగింది," అన్నాడు తవిటయ్య లోపలికి వస్తూనే. "మాస్టారూ, ఉత్తర ద్వారం మూసింది ఎవరు?"

"భైరవన్న. 341వ పేజీ. ద్వారం మూసి, గడియ వేసి, అక్కడే పోయాడు."

"ఇప్పుడు భైరవన్న ఇంట్లో సద్ది తింటున్నాడు. ద్వారం తెరిచి ఉంది. కోటలో నాలుగువేల మంది. ఒక్కడూ మిగలడు! మరి 350 నుంచి 612 దాకా పెళ్లిళ్లు చేసుకునే వాళ్లంతా ఎవరు? టికెట్టు లేకుండా ఎక్కారా?"

"వంశవృక్షం మొత్తం పోయింది" అన్నారు మాస్టారు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని కబురు వచ్చినట్టు.

ఆ రోజు తవిటయ్య పద్దెనిమిది అభిప్రాయాలు రాశాడు. మాస్టారు ఇరవై ఏడు రాశారు, ఒక్కో తప్పు తేదీకి ఒక్కటి. ఇప్పుడు ఇబ్బంది స్పష్టంగా ఉంది కనుక కంప్యూటరు అన్నిటినీ సంతోషంగా తీసుకుంది. నలభై అయిదు నంబర్లు ఇచ్చింది. ఇరవై ఒక్క రోజుల గడువు ఇచ్చింది.

జిల్లా కార్యాలయం ఈసారి చురుగ్గా కదిలింది. 341వ పేజీ కోసం ఇంకో కాగితం పట్టుకుని దక్షిణామూర్తి గారు స్వయంగా వచ్చారు. ఆయనే పైకి చదివారు.

"'ఉత్తర ద్వారము మూయు నిమిత్తము, శ్రీ భైరవన్న స్థానంలో రిజర్వు దళమునకు చెందిన ఒక సైనికుని ఇన్‌ఛార్జిగా నియమించడమైనది. సదరు ఇన్‌ఛార్జి ద్వారము మూసి, గడియ వేసి, విధి నిర్వహణలో మరణించిరి. కోట సురక్షితము.' ఏమయ్యా కండక్టరూ, నీ నాలుగువేల మందీ ఉన్నారు. మాస్టారూ, మీ తేదీలూ పదిలం. ఎవరికైనా ఇంకా ఇబ్బంది ఉందా?"

తవిటయ్య లోలోపల లెక్క చూసుకుని తల ఊపాడు. మాస్టారు పెన్ను మూత పెట్టారు. నిజంగానే అందరికీ అన్నీ సర్దుకున్నాయి. హైమవతి జిగురు సీసా తీసి పైడమ్మకి ఇచ్చింది.

పైడమ్మ సీసా పట్టుకుని కదల్లేదు.

"ఆ అబ్బాయి పేరేంటి బాబూ?"

"ఏ అబ్బాయి?"

"ఇన్‌ఛార్జి."

దక్షిణామూర్తి గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "పేరు అవసరం లేదమ్మా. తాత్కాలిక నియామకం."

"పెళ్లయిందా?"

"అది... ఉత్తర్వులో పేర్కొనలేదు."

"అతన్ని రేవులో ఎవరు సాగనంపారు?"

దక్షిణామూర్తి గారు అలవాటుగా నిబంధనల పుస్తకం కోసం సంచిలో చెయ్యి పెట్టి, చెయ్యి అందులోనే ఉంచేశారు.

"నేను ఏడ్చానని భైరవన్నని ఇంటికి పంపేశారు. బాగుంది. ఆ పేరు లేని వాడి పెళ్లాం ఇప్పుడు ఏ పేజీలో ఏడవాలి?" అంది పైడమ్మ. "ఆ పిల్లకి పేజీయే ఇవ్వలేదు మీరు. తల దించుకుందో ఎత్తిందో ఎవరికీ తెలీదు. నాకు ఏడవడానికి కనకాంబ పేజీ అన్నా ఉంది." ఆమె సీసా మూత బిగించింది. "నేనేమన్నా వెళ్లొద్దన్నానా బాబూ? నేనొద్దంటే యుద్ధం ఆగుతుందా? ఆ పిల్లని ఒక్కసారి తలెత్తమన్నాను. అంతే కదా రాశాను?"

దక్షిణామూర్తి గారు అసలు అర్జీ తీసి, కళ్లజోడు సవరించుకుని, మొట్టమొదటిసారి దాన్ని పూర్తిగా చదివారు.

"అంతేనమ్మా," అన్నారు.

పైడమ్మ బల్లకి కట్టిన పెన్సిలు తీసుకుంది. నలభై ఆరో అభిప్రాయం రాసింది: 'ఎవరి పేజీలు వాళ్లకి ఇచ్చెయ్యండి.'

హైమవతి టీ గిన్నె మీద పుస్తకం పట్టుకుని, ఆవిరికి అంచులు నానబెట్టి, సవరించిన పేజీని మెల్లగా ఊడదీసింది. కింద 318వ పేజీ చెక్కుచెదరకుండా ఉంది. తడికి కాస్త ఉబ్బింది, అంతే. భైరవన్న మళ్లీ పడవెక్కాడు. కనకాంబ మళ్లీ తల దించుకుంది. మాస్టారు, తవిటయ్య వరసగా నలభై అయిదు చోట్ల 'సంతృప్తి చెందితిని' అని సంతకాలు పెట్టారు. పైడమ్మ నలభై ఆరోది పెట్టింది. జిల్లాలో ఇంత సంతృప్తి ఒక్క పూటలో ఎన్నడూ నమోదు కాలేదు.

అప్పుడు టింగుమని మోగింది.

"మామ్మా," అంది హైమవతి, తెరకేసి చూస్తూ. "పాత పేజీ తిరిగి వచ్చింది కాబట్టి నీ మొదటి అర్జీ మళ్లీ తెరుచుకుంది. పాత గడువు దాటిపోయిందట... ఇవాళే ఆఖరు."

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. ఈసారి ఆయనకీ ఇష్టం లేదని చూస్తేనే తెలుస్తోంది. "అమ్మా, సాయంత్రం అయిదున్నరలోగా సంతకం పెట్టేయండి. లేకపోతే వరస ఎర్రబడుతుంది. మేడమ్ రేపు కొండెక్కాలి. ఉన్నది ఉన్నట్టే ఉంది కదా, సంతృప్తే అనుకోండి."

హైమవతి పెన్ను అందించింది. పైడమ్మ పుచ్చుకుంది. కాగితం మీద పెట్టింది. ఆమె జీవితంలో అబద్ధాలు ఆడకపోలేదు. పక్కింటావిడ పులుసు బాగుందంది, ఆవిడ అల్లుడి మీసం బాగుందంది. కానీ ఆ పిల్ల అక్కడ తల దించుకుని ఉండగా, పక్కన నిలబడి తృప్తిగా ఉందని సంతకం పెట్టడం ఆమె చేతకాలేదు. పెట్టకపోతే రేపు సాయంత్రం స్టాపులో బస్సు ఉంటుంది, ఎక్కే మనిషి ఉండదు.

పెన్ను కాగితం మీద చుక్క పెట్టి ఆగిపోయింది. గడియారం అయిదు కొట్టింది.

"బాబూ," అంది పైడమ్మ ఉన్నట్టుండి, "మీ నిచ్చెనలు..."

"నిచ్చెనలకేం?"

"విచారణ అవుతున్నంతకాలం మనిషిని కదపరన్నారు."

"అవునమ్మా. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను కదా ఆ ముచ్చట."

"అయితే ఈ రేవు మీద నాకూ అలాంటిది ఒకటి వెయ్యండి."

హైమవతి కుర్చీలో ముందుకి జరిగింది. దక్షిణామూర్తి గారు సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలితో వెతికి, ఒకచోట ఆగి, చాలాసేపు అక్కడే ఉండిపోయారు. ఎనిమిదేళ్లలో తన కోసం ఎన్నిసార్లో తిట్టుకున్న నిబంధన ఇంకొకరి కోసం చదువుతుంటే ఎలా ఉంటుందో ఆయనకి అప్పటిదాకా తెలియదు.

"'అర్జీదారు సమగ్ర విచారణ కోరిన యెడల,'" అని పైకి చదివారు, "'సదరు అర్జీని పసుపు వరసకు మార్చి, విచారణ ముగియువరకు సంబంధిత శాఖ సిబ్బందిని యథాస్థానంలో కొనసాగించవలెను. ప్రతి ఇరవై ఒక్క రోజులకు విచారణాధికారి హాజరై ప్రగతి నమోదు చేయవలెను.'"

"ఎంతకాలం సార్?" అన్నారు మాస్టారు.

"కాలపరిమితి పేర్కొనలేదు" అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన ఆ మాట నవ్వుతూ అనడం అదే మొదటిసారి.

అయిదూ పదికి వరస పసుపుపచ్చగా మారింది. అయిదున్నరకి హైమవతి ఎప్పటిలాగే తాళం వేసి బస్సెక్కింది. "రేపొస్తా మామ్మా" అంది కిటికీలోంచి. పైడమ్మ రైసుమిల్లు మలుపు దాకా చూసింది.

అప్పటి నుంచి విచారణ క్రమం తప్పకుండా జరుగుతోంది. ఇరవై ఒక్క రోజులకొకసారి, శనివారం పడేట్టు చూసుకుని, జీపు వస్తుంది. టీ ఇస్తారు. తవిటయ్య తలలు లెక్కపెడతాడు, మాస్టారు తేదీ సరిచూస్తారు. దక్షిణామూర్తి గారు 318వ పేజీ తెరిచి, పొడిబారి గరుకెక్కిన ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, పై నుంచి కింది దాకా నిదానంగా చదువుతారు. మొదట్లో ఆయన ఆ ఒక్క పేజీయే చదివేవారు. ఈమధ్య 317 నుంచి మొదలుపెడుతున్నారు.

"ఏమైంది బాబూ?" అని అడుగుతుంది పైడమ్మ, ప్రతిసారీ అంతే ఆదుర్దాగా. "చూసిందా?"

కిందటి వాయిదాలో ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, రిజిస్టరులో రాసింది ఇది:

'తొమ్మిదవ వాయిదా. సదరు స్త్రీ ఇంకను తలెత్తలేదు. విచారణ కొనసాగించవలెను.'